కడుపు మార్చారు సరే, పాలెవరిస్తారు?

తెలుగులో సైన్స్ ఫిక్షన్ రాసే కథకులకూ, ఆ కథల్ని ఏరి అచ్చువేసే సంపాదకులకూ నమస్కారం.

నేను రచయిత్రిని కాను. ముప్ఫయ్యేళ్ళ పైచిలుకు గోదావరి జిల్లాల గవర్నమెంటు ఆసుపత్రుల్లో పురుళ్ళు పోసి రిటైరైన డాక్టర్ని. నైట్ డ్యూటీలో ఒక కాన్పుకీ ఇంకో కాన్పుకీ మధ్య దొరికే అరగంటలో సైన్స్ ఫిక్షన్ చదవడం అలవాటైంది. అదే ఎందుకంటే చెప్పలేను. పక్కగదిలో జరిగేదానికి వీలైనంత దూరం పోవాలనిపించేదేమో. తీరా అంత దూరం పోయి చూస్తే అక్కడా పురిటిగదే కనిపించేది.

ఈ పిచ్చి సంగతి తెలిసిన స్నేహితురాలొకామె కిందటి వేసవిలో ఒక కథల పోటీకి వచ్చిన కాగితాల కట్ట పంపించింది. "కథ సంగతి మేం చూసుకుంటాం, వైద్యంలో తప్పుల్లేకుండా ఉందో లేదో చూసిపెట్టు చాలు" అంది. మాగాయ ముక్కలు ఎండబెట్టి, కాకుల్ని తోలుతూ డాబా మీద కూచుని చదివాను. మగాడికి కడుపొచ్చిన కథలు చాలానే ఉన్నాయి. యంత్రాల్లో, గాజుతొట్లలో పిల్లలు పెరిగే కథలూ కొన్ని ఉన్నాయి. ఏ కథ ఎవరిదో నాకు తెలీదు, పేర్లు తీసేసే పంపారు. కాబట్టి ఏ ఒక్కరి మీదా ఇది ఫిర్యాదు కాదు. అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు నాకప్పగించిన పని. మగాడి పొట్టలో పిండం పెరగడం బొత్తిగా ఊహకందనిదేం కాదు. ఆడవాళ్ళలోనే అరుదుగా గర్భసంచి బయట, పేగుల మధ్య పిండం పెరుగుతుంది. మాయ పేగులకో పెద్ద రక్తనాళాలకో అతుక్కుపోయి ఉంటుంది. దాన్ని ఊడదీయబోతే రక్తం ఆగదు. అందుకని చాలాసార్లు బిడ్డను తీసి, మాయను లోపలే వదిలి కుట్టేస్తారు. మీ కథల్లో డాక్టర్లు ఐదు నిమిషాల్లో కోసి, బిడ్డను తీసి, కుట్లేస్తూ హీరోతో జోకులు కూడా వేస్తారు. ఒకరైతే పొట్టకి జిప్పు పెట్టారు. ఫరవాలేదు, కల్పనకి ఆ మాత్రం చనువుండాలి. ఉమ్మనీరు ఎక్కణ్ణించి వచ్చిందని నేనడగను.

నాకు పట్టుకున్నది వేరే. ఆ కథలు దాదాపు అన్నీ ఒక్కచోటే ఆగిపోయాయి. బిడ్డ కేరుమంటుంది. మగాడు కన్నీళ్ళు పెట్టుకుంటాడు. భార్య చెయ్యి పట్టుకుని "ఇన్నాళ్ళూ నీ కష్టం తెలీలేదు" అంటాడు. కథ సమాప్తం. కాన్పు చేసిన మనిషిగా చెబుతున్నాను, కేరుమనడంతో ఏదీ సమాప్తం కాదు. ఆ తర్వాత గంటలోపే మొదటి తగువు వస్తుంది: బిడ్డనెవరు పట్టుకోవాలి, పాలెప్పుడు పట్టాలి, ఈ రాత్రి ఎవరు మెలకువగా ఉండాలి.

ఆ తొమ్మిది నెలలైనా ఎలా గడిచాయో మళ్ళీ వెనక్కి తిప్పి చూశాను. వేవిళ్ళొస్తే నిమ్మకాయ తెచ్చిచ్చింది భార్య. నడుం లాగుతోందంటే కాపడం పెట్టింది తల్లి. చింతచిగురు పప్పు మీద మనసు పోతే వండి క్యారేజీ పంపింది అత్తగారు. సీమంతం పేరంటాళ్ళు వచ్చి గాజులు తొడిగి నవ్విపోయారు. కడుపు మాత్రమే మగాడికి వచ్చింది. చాకిరీ అంగుళం కదలకుండా ఉన్నచోటే ఉంది. పైగా పెరిగింది, ఇంట్లో ఇంకో మనిషికి సేవ చెయ్యాలి కదా!

ఇక్కడ మిమ్మల్ని ఒకటి అడగాలి. మీ హీరో మొదటి కాన్పుకి ఏ ఇంటికి వెళతాడు?

మన ఇళ్ళలో ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పిల్లని పుట్టింటికి తీసుకెళతారు. మంచిరోజు చూసి, పసుపు కుంకుమలతో, వేడుకలాగా తీసుకెళతారు గనక అదంతా ముద్దూమురిపెం అనుకుంటాం. నా లెక్కలో అది సెలవు. అత్తారింట్లో తెల్లారగట్ల లేచి కళ్ళాపి జల్లే పిల్లని ఆ పని మాన్పించాలంటే ఆ ఇంట్లో ఉంచి మాన్పించలేరు, ఊరే దాటించాలి. ఆమె చేసే పని కొన్నాళ్ళు తోడికోడలి మీదికో అత్తగారి మీదికో పోతుంది. పుట్టింట్లో ఆమెకు నూనె మర్దనా, వేణ్ణీళ్ళు, సాంబ్రాణి ధూపం, బాలింత పత్యం, రాత్రుళ్ళు పిల్లాణ్ణి ఎత్తుకోవడం అంతా తల్లి మీద పడుతుంది. మూడో నెలో ఐదో నెలో సారె పెట్టి పంపేటప్పటికి ఆ తల్లికి మోకాళ్ళు అరిగిపోతాయి. నా ఓపీకి మోకాలి నొప్పులతో వచ్చిన అమ్మమ్మల్ని "ఈ మధ్య ఇంట్లో పురుడైందా?" అని అడిగేదాన్ని. నూటికి తొంభై మంది తెల్లబోయి "మీకెలా తెలుసమ్మా?" అనేవారు.

ఇప్పుడు మగాడి సంగతి చూడండి. అతను పుట్టింట్లోనే ఉన్నాడు. పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నాడు. మాన్పించడానికి అతను చేసే ఇంటిపని లేదు, కాబట్టి ఎక్కడికీ పంపక్కర్లేదు. అతనికి పురుడొస్తే చేసే తల్లి అదే ఇంట్లో ఉంది, చేసే భార్యా అదే ఇంట్లో ఉంది. ఒకవేళ ఇల్లరికపుటల్లుడైతే? అప్పుడతను తల్లి దగ్గరికి వెళతాడా? వెళితే భార్య బస్సెక్కి, శనాదివారాల్లో చూడ్డానికి వస్తుందా, పళ్ళసంచీ పట్టుకుని, గడపలో కాస్త బిడియపడుతూ? ఈ ఒక్క చిక్కు పట్టుకుని ఎవరైనా రాసి ఉంటే ఏ లేబరేటరీ, ఏ గ్రహాంతరవాసీ అక్కర్లేని సైన్స్ ఫిక్షన్ అయ్యేది. ఆ కట్టలో పుట్టిల్లు అన్న మాటే తగల్లేదు నాకు.

మగాడి కడుపు మనకేం కొత్త కాదు. భాగవతం తొమ్మిదో స్కంధంలో యువనాశ్వుడున్నాడు. అతని భార్యలకోసం రుషులు మంత్రించి ఉంచిన నీళ్ళు రాత్రి దాహమేసి తెలీక తాగేశాడు. నెలలు నిండాక కుడిపక్క చీల్చుకుని కొడుకు పుట్టాడు. దేవతల దయవల్ల తండ్రి బతికాడని రాశారు, అంటే బతకడం కష్టమని వాళ్ళకీ తెలుసు. కొడుకు పుట్టిన వెంటనే, కథ ముగియకముందే, ఆ రుషులకొక దిగులు పట్టుకుంటుంది: పాలకోసం ఏడుస్తున్నాడే, వీడికి పాలెవరిస్తారు? అప్పుడు ఇంద్రుడు "మాం ధాతా", అంటే "నన్ను తాగు" అని తన వేలు నోటికందించాడు. ఆ మాటమీదే మాంధాత అన్న పేరొచ్చింది. ఎన్ని వందల ఏళ్ళ కిందటి కథో చూడండి. పుట్టిన మరుక్షణం అడగాల్సిన ప్రశ్న అడిగింది. జవాబుగా ఒక మగవాణ్ణే ముందుకు తోసింది. వేలితో కడుపు నిండుతుందా అని మీరు నవ్వొచ్చు. నేను నవ్వను. అడిగారు కదా, అది చాలు నాకు.

ఇంకో పెద్దమనిషి సంగతి చెబుతాను. ఆయన మా ఊళ్ళోనే ఉన్నాడు. నేను చదివింది కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో. అక్కడ జె.బి.ఎస్. హాల్డేన్ అస్థిపంజరం ఉంది. ఇంగ్లండులో పుట్టి, 1957లో కలకత్తా వచ్చి, తర్వాత మన దేశ పౌరసత్వం తీసుకున్న జన్యుశాస్త్రవేత్త. 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో పోయాడు. బతికుండగా నా శరీరం ఎలాగూ ప్రయోగాలకి పనికొచ్చింది, పోయాక నాకెలాగూ అక్కర్లేదు, ఇంకెవరైనా వాడుకోండి అని వీలునామా రాసిపెట్టాడు. అలా ఆయన కాకినాడ చేరాడు. చదువుకునే రోజుల్లో ఆయన ముందునుంచి నడుస్తూ నాకు తెలియని ముక్క ఒకటుంది. తల్లి కడుపు బయట బిడ్డను పెంచడానికి 'ఎక్టోజెనెసిస్' అని పేరు పెట్టింది ఈ ఎముకల మనిషే.

1923 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జిలో 'డెడలస్' అని ఒక ప్రసంగం చేశాడు. నూటయాభై ఏళ్ళ తర్వాత ఒక మందబుద్ధి విద్యార్థి రాసే వ్యాసం అంటూ అందులో భవిష్యత్తు చెప్పాడు. దాని ప్రకారం 1951లో మొదటి యంత్రశిశువు పుడుతుంది. 1968 నాటికి ఫ్రాన్సు ఏడాదికి అరవై వేలమంది అలాంటి పిల్లల్ని పుట్టిస్తూ ఉంటుంది. ఆ విద్యార్థి వ్యాసం రాసే నాటికి ఇంగ్లండులో నూటికి ముప్ఫయి మంది కూడా ఆడదాని కడుపున పుట్టరు. ఇదంతా చదివి అబ్బ అనుకుంటుండగా, అక్కడే పక్కన, నడుస్తూ నడుస్తూ అన్నట్టు ఒక మాట అంటాడు: ఆడవాళ్ళకి మామూలుగా ఇంజెక్షన్లిచ్చి పాలు పడేటట్టు చేస్తున్నాం, పాతకాలపు మంచి చాలావరకు నిలిచింది.

ఆ పేజీ చదివిన రాత్రి డ్యూటీ రూములో పుస్తకం మూసి పకపకా నవ్వాను. సిస్టరొచ్చి ఏమైందమ్మా అంది. ఏం చెప్పను? కడుపుని యంత్రంలో పెట్టగలిగిన బుర్ర, పాలసీసా మొగుడి చేతికివ్వడం దగ్గర ఆగిపోయింది! అంత లావు ఊహలోనూ ఇంజెక్షను ఆడదానికే. హాల్డేన్ అంటే నాకు గౌరవం తగ్గలేదు. ఆయన పొరపాటు చూశాక మీ పొరపాటు మీద కోపం తగ్గింది, అంతే.

ఆ ఇంజెక్షను మగాడికి ఇచ్చి చూసిన రచయిత్రి ఒకరున్నారు. అమెరికా రచయిత్రి మార్జ్ పియర్సీ 1976లో రాసిన 'ఉమన్ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ టైమ్'. అందులో వచ్చే రోజుల ఒక పల్లెలో పిల్లలు యంత్రంలో పెరుగుతారు, ప్రతి బిడ్డకూ ముగ్గురు తల్లులు, ఆ తల్లుల్లో మగవాళ్ళూ ఉంటారు, హార్మోన్లు తీసుకుని చనుబాలిస్తారు. మన కాలం నుంచి అక్కడికి వెళ్ళిన కోనీ అనే పేదరాలు అది చూసి మురిసిపోదు. మండిపడుతుంది. ఆడవాళ్ళకి మిగిలిన ఆ ఒక్కటీ కూడా ఇచ్చేశారా అని కడుపు రగిలిపోతుంది. అదీ నిజాయితీ అంటే. నాకూ ఆ కోపం వచ్చింది. ముర్రుపాలు పట్టిన తల్లి మొహం ఎన్ని వేలసార్లు చూశానో! ఆ వెలుగులో సగం వాటా పంచమంటే నాకే చెయ్యి వెనక్కి పోయింది. పంచాలనే అనుకుంటాను, అయినా పోయింది. మీ కథల్లో ఏ ఆడదానికీ ఈ ఊగిసలాట లేదు. కడుపు పోయిందంటే పీడా పోయిందని చప్పట్లు కొట్టేవాళ్ళే అందరూ.

మగాడికి పాలేమిటి విడ్డూరం అంటారేమో. పుట్టిన మూడో రోజో నాలుగో రోజో పసివాళ్ళ రొమ్ముల్లో కాసిని పాలు చిమ్ముతాయి. తల్లి హార్మోన్లు ఇంకా వంట్లో ఉండటంవల్ల. ఆడపిల్లకీ వస్తాయి, మగపిల్లాడికీ వస్తాయి. అమ్మమ్మలు పిండబోతే చీము పడుతుందని కేకలేసేవాళ్ళం. మగాడి ఒంట్లో ఆ సరంజామా ఉంది. దాన్నేం చెయ్యాలన్నది కథకుల పని.

మీ చేతిలో ఇంకో సరుకుంది. దాన్ని మీరు ముట్టుకోలేదు. భాష. ఉర్సులా లెగ్విన్ 1969లో 'ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్' రాశారు. గెథెన్ అనే మంచు గ్రహం. అక్కడివాళ్ళు నెలలో ఎక్కువ రోజులు ఆడా కాదు మగా కాదు. కొద్ది రోజులు మాత్రం ఏదో ఒకటి అవుతారు, ఏదవుతారో ముందు తెలీదు. ఇద్దరు బిడ్డల తల్లి ఇంకో ముగ్గురికి తండ్రి కావచ్చు. పదిహేడు నుంచి ముప్ఫయ్యైదేళ్ళ దాకా ఎవరికైనా కాన్పు రావచ్చు గనక, మన దగ్గర ఆడవాళ్ళు ఇరుక్కుపోయినంతగా అక్కడెవరూ ఇరుక్కుపోరు. బరువైనా, భాగ్యమైనా అందరిదీ. ఇంతా చేసి ఆవిడ ఇంగ్లీషులో అందర్నీ మగ సర్వనామంతోనే పిలిచారు. విమర్శలొచ్చాయి, తర్వాత ఆవిడే దాన్ని మళ్ళీ ఆలోచించుకున్నారు.

మనకా ఇబ్బంది సగమే. మన వ్యాకరణం మగాణ్ణి మహత్తన్నది. ఆడదాన్ని ఏకవచనంలో ఆవుతో, బస్సుతో కలిపి ఒకే క్రియలో కూచోబెట్టింది. సీత వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. బహువచనంలో మాత్రం ఆడవాళ్ళు మనుషులైపోతారు, వాళ్ళూ వచ్చారు, వీళ్ళూ వచ్చారు. పక్కన 'గారు' చేరిస్తే ఒక్కరైనా చాలు. లెగ్విన్ నవలలో రాజుకి కడుపొస్తుంది. దాన్ని తెలుగులో ఇలా అనొచ్చు: రాజుగారు నెల తప్పారు. ఆడో మగో చెప్పకుండా, ఎబ్బెట్టు లేకుండా, పొరుగింటి పిన్నిగారి నోట వచ్చినట్టే ఉంది కదా! 'గర్భవతి' అన్నచోట మగాడికి ఏం పెట్టాలో తెలీక మీలో ఒకరు 'గర్భవంతుడు' అని రాశారు. పాపం. మన పల్లెల్లో ఎప్పట్నించో ఉన్న మాట, 'వట్టి మనిషి కాదు'. అందులో ఆడా లేదు మగా లేదు. మనిషి ఉంది, నిండుతనం ఉంది. రాజుగారు వట్టి మనిషి కారు.

సరే, వ్యాకరణం చాలు. నాకు నిజంగా నిద్ర పట్టకుండా చేసిన కథ వేరే ఉంది. ఆక్టేవియా బట్లర్ రాసిన 'బ్లడ్‌చైల్డ్'. 1984లో వచ్చింది, నెబ్యులా, హ్యూగో బహుమతులు రెండూ తెచ్చుకుంది. మగాడికి కడుపొచ్చే కథ రాయాలని రాశానని ఆవిడే చెప్పుకున్నారు. వేరే గ్రహం మీద మనుషులు తలదాచుకున్నారు. అక్కడి ప్రాణులకి తమ గుడ్లు పొదగడానికి మనిషి ఒళ్ళు కావాలి. ఎక్కువగా మగవాళ్ళనే ఎంచుకుంటాయి, ఎందుకంటే ఆడవాళ్ళు మనుషుల్ని కనాలి కదా, వాళ్ళకా పనుంది. గాన్ అనే కుర్రాడు, ఒక ప్రాణికిస్తామని చిన్నప్పుడే ఇంట్లోవాళ్ళు మాటిచ్చిన పిల్లాడు. ఆమె అతన్ని ప్రేమగానే చూస్తుంది. ఒక రోజు వేళకాని వేళలో ఇంకో మగాడికి నొప్పులొస్తాయి. కోసి పురుగుల్ని బయటికి తీస్తుంటే గాన్ పక్కనే నిలబడి సాయం చెయ్యాల్సి వస్తుంది.

ఆ దృశ్యం చాలామందికి రోత పుట్టిస్తుందట. నాకు పుట్టలేదు. నాకు తెలిసిన గదే అది. నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి మాటలు. మనుషులు ఇలాంటివి చూడకూడదు, వాళ్ళని వీటినుంచి కాపాడాలి అంటుంది ఆ ప్రాణి. కాపాడటం కాదు, చూపించాలి, చిన్నప్పుడే చూపించాలి, ఒకసారి కాదు పలుసార్లు చూపించాలి అంటాడు కుర్రాడు. చివరికి ఒప్పుకుంటాడు. తను ఒప్పుకోకపోతే సోదరి వంతు వస్తుంది. పైగా అతనికి ఆ ప్రాణి మీద ప్రేమ కూడా ఉంది. భయం, ప్రేమ, ఇంకోళ్ళని తప్పించాలన్న ఆలోచన, ఈ మూడూ కలిసిన ఒప్పుకోలు. దాన్ని సమ్మతి అనాలా? నా టేబుల్ మీద పెట్టిన ప్రతి అంగీకార పత్రం వెనకా ఇదే ఉండేది.

ఒక తప్పు ఒప్పుకోవాలి. కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషనుకి భర్త సంతకం అక్కర్లేదు. రూలు అదే, నాకు తెలుసు. అయినా అడిగేదాన్ని. రేపతనొచ్చి గొడవ చేస్తే ఎవరు పడతారులే అని. లోపల ఆ పిల్ల కాళ్ళు కట్టిన బల్ల మీద ఉంటుంది, బయట వరండాలో అతను పెన్ను అడుగుతాడు. అతనెప్పుడూ లోపలికి రాలేదు. కాన్పు సమయంలో తోడుమనిషిని ఉండనివ్వాలని 2016లో కేంద్రం చెప్పాక కూడా మేం రానిచ్చింది అమ్మనో అక్కనో. పరదాలు లేవు, పక్క బల్లమీద ఇంకో ఆడమనిషి ఉంటుంది, ఏం చేస్తాం? గాన్ అడిగినట్టు చిన్నప్పుడే చూపించడం మాట దేవుడెరుగు, ముగ్గురు పిల్లల తండ్రులకు కూడా మేమేమీ చూపించలేదు. వరండాలో టీ తాగి మంచివార్త కోసం చూసే మనిషి పెద్దయ్యాక కథ రాస్తే, ఆ కథ కేరుమన్న చప్పుడు దగ్గరే ఆగుతుంది మరి. వరండాలోకి వినిపించేది అదొక్కటే.

కొన్ని లెక్కలు, ఎక్కువ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ పెళ్ళైన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం ట్యూబెక్టమీ, అంటే ఆడవాళ్ళ కు.ని. ఆపరేషన్, చేయించుకున్నవాళ్ళే. మగాళ్ళకి చేసే వేసెక్టమీ? ఒక శాతం కూడా లేదు. కోతా కుట్టూ లేని ఆ ఆపరేషనుకి పట్టేది కొద్ది నిమిషాలు. అదే సర్వేలో పదిహేను నుంచి నలభైతొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. తెలంగాణ కూడా పెద్ద దూరంలో లేదు. "పిల్లలైపోయారుగా, ఇంకా సంచెందుకమ్మా" అనే మాట నేను కూలీల నోటా విన్నాను, నాతో చదివిన డాక్టర్ల నోటా విన్నాను.

2017లో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రివాళ్ళు నెలలు నిండని గొర్రెపిల్లల్ని ప్లాస్టిక్ సంచిలో, కృత్రిమ ఉమ్మనీటిలో నాలుగు వారాల దాకా బతికించారు. ఆ పిల్ల గుండే బొడ్డుతాడు గుండా రక్తాన్ని బయటి పరికరంలోకి తోసి ఊపిరి నింపుకుని వచ్చేది. దానికి వాళ్ళు పెట్టిన పేరు బయోబ్యాగ్. ఆ వార్త వచ్చిన రోజు మీలో చాలామంది కథలు మొదలుపెట్టి ఉంటారు. నాకు మాత్రం, వీళ్ళకి సంచి అన్న మాట ఇప్పుడు తట్టింది, మనం ఎప్పట్నించో ఆడదాని ఒంట్లో ఉన్నదాన్ని సంచి అనే పిలుస్తున్నాం కదా అనిపించింది. అది ఆరో నెలలో పుట్టే బిడ్డల్ని కాపాడటానికి మొదలైన ప్రయత్నం. మంచిదే, రావాలి. నా చేతుల్లో పోయిన కిలో లోపు పిల్లల్ని తలుచుకుంటే ఎంత త్వరగా వస్తే అంత మంచిది. మీరు మాత్రం ఆ సంచిని కథలో పెట్టి ఆడదానికి విముక్తి వచ్చేసిందంటే, ఆపరేషన్ థియేటర్ బయట సంచి తీసేయించుకుని గోడకానుకుని కూచున్న ముప్ఫయ్యేళ్ళ పిల్ల కళ్ళముందు మెదులుతుంది. ఆమెకి సంచి లేదు. వారం తిరక్కుండానే మళ్ళీ బట్టలుతుకుతోంది.

పోటీలో ఏ కథకి బహుమతి వచ్చిందో నేనడగలేదు. వైద్యం పరవాలేదని రాసి కట్ట తిప్పి పంపేశాను. తర్వాత రెండు రోజులు మనసాగక ఈ ఉత్తరం మొదలుపెట్టాను, ఒక మనిషి గుర్తొచ్చి.

నేను రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు మాట. సముద్రం మీద వేటకి పోయే మనిషి. భార్యకి ఎనిమిదో నెలలో గుర్రపువాతం, అంటే బీపీ పెరిగి ఫిట్స్, వచ్చింది. ఆపరేషన్ చేసి బిడ్డను తీశాం, కిలో నాలుగొందల గ్రాములు. తల్లికి ఇంకా తెలివి రాలేదు, ఐసీయూలో ఉంది. అలాంటి బిడ్డను చర్మానికి చర్మం తగిలేలా గుండె మీద పడుకోబెట్టి కట్టాలి. ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియాలో మొదలుపెట్టిన పద్ధతి, కంగారూ పద్ధతి అంటారు. తల్లే చెయ్యాలని లేదు. అమ్మమ్మకి ఆయాసం. నాయనమ్మ దగ్గుతోంది. సిస్టరు బయటికెళ్ళి అతన్ని పిలుచుకొచ్చింది. స్నానం చేసి రమ్మంది, గోళ్ళు తీసింది, చొక్కా విప్పించి కుర్చీలో వెనక్కి వాల్చి కూచోబెట్టి బిడ్డను గుండె మీద పెట్టి గుడ్డతో కట్టేసింది. ఉప్పుగాలికి నల్లబడ్డ వెడల్పాటి ఛాతీ, దాని మీద తొండపిల్లంత బిడ్డ.

వార్డులో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. అతని తల్లి తలుపు దగ్గర నిలబడి "ఆడదానిలాగా ఏంట్రా అది, ఇటివ్వు" అని కసిరింది. అతను బదులు చెప్పలేదు. తలకూడా తిప్పలేదు. బిడ్డ బుగ్గ రొమ్ము మీద ఆనించి నోరు వెతుక్కుంటోంది, ఏం దొరక్కపోయినా వెతుక్కుంటోంది. రెండు గంటలకోసారి సిస్టరు గొట్టంలో పాలు పోసి వెళ్ళేది. నేను రాత్రి పదింటికి రౌండుకెళ్ళినప్పుడూ అలాగే ఉన్నాడు. రెండింటికి వెళ్ళినప్పుడూ అలాగే ఉన్నాడు. మొహమంతా చెమట, మెడ నరాలు బిగిసి ఉన్నాయి, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. నొప్పేమైనా ఉందా అనడిగాను. పెదాలు కదిలీ కదలకుండా, గుసగుసగా అన్నాడు:

"దగ్గొత్తందండి డాక్టరమ్మా. ఇందాకట్నించి ఆపుకుంటన్నాను. దగ్గొచ్చా?"

ఇట్లు,
ఒక రిటైర్డ్ పురుళ్ళ డాక్టరు,
కాకినాడ